ఉల్లిపొట్టు మీద మూడో సూత్రం

తొమ్మిదో తరగతి బి సెక్షన్,
మధ్యాహ్నం అన్నం తర్వాతి పీరియడ్.
కర్నూలు ఎండ కిటికీ ఊచల్ని
నల్లబల్ల మీద అడ్డగీతలుగా దించుతోంది.
చర్యకు ప్రతిచర్య సమానం, దిశ వ్యతిరేకం
అని రాసి, చేతికంటిన సుద్ద దులుపుకుంటున్నాను.

మూడో బెంచీలోంచి ఉరుకుందమ్మ లేచింది.
పేరులోనే ఉరుకు ఉన్నా
మాటను ఆచితూచి నడిపే పిల్ల.
"మా నాయన బండిని ఎంత బలంగా తోస్తే
బండి మా నాయన్ని అంతే బలంగా యెనక్కి తోస్తాదంటిరి.
సమానానికి సమానం సరిపాయె.
మళ్ల బండెట్ల కదుల్తాది మేడం?"

క్లాసు నవ్వింది. నేను నవ్వలేదు.
పద్దెనిమిదేళ్ళుగా ఈ పాఠం చెప్తున్నా.
"రెండు బలాలూ వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయి,
అందుకే ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు" అన్నాను.
పుస్తకంలో ఉన్న వాక్యమే. తప్పు లేదు.
"ఊఁ" అని కూచుంది.
అప్పిచ్చినోడు ఇంకో వాయిదాకి ఒప్పుకున్నట్టుంది ఆ ఊఁ.

ఆదివారం మార్కెట్ యార్డుకి పోయాను,
ఇంట్లోకి ఉల్లిగడ్డల కోసమే.
పాఠం కోసమని అబద్ధం ఎందుకు చెప్పాలి.
రాత్రి వాన పడింది.
కోడుమూరు, దేవనకొండ, గోనెగండ్ల నుంచి వచ్చిన గడ్డ
షెడ్లు చాలక బయటే కుప్పలుగా తడిసింది.
సిమెంటు నేలంతా పొట్టు,
గులాబిరంగు, జారుడు, ముక్కు పగిలే వాసన.

హమాలి బజారి, ఆ పిల్ల నాయన,
పది బస్తాల బండి వెనక నిలబడి ఉన్నాడు.
చక్రాలకేం రోగం లేదు. చేతులకేం తక్కువ లేదు.
వంగి తోశాడు.
బండి అట్లే ఉంది, మనిషి వెనక్కి జారాడు.
మళ్ళీ తోశాడు.
కాలి కింద పొట్టు, పొట్టు కింద నీళ్ళు.
బండి తన బాకీ ఎప్పటికప్పుడు తీర్చేస్తోంది,
నేలే పైసా రాల్చడం లేదు.

ఆయన తిట్టలేదు.
చెప్పులు విప్పి బస్తాల మీదికి విసిరాడు.
కాలితో పొట్టు పక్కకు నెట్టి
తట్టెడు ఇసుక చల్లాడు.
పది వేళ్ళు నేలని పట్టుకున్నాయి.
అప్పుడు చూశాను:
బండి కంటే ముందు ఆయన తోస్తున్నది భూమిని,
వెనక్కి.
భూమి, అంత పెద్దది, అంత తొందరలేనిది,
బజారిని ముందుకు తోసింది.
బజారి బండిని తోశాడు.

మొదటి జానెడుకే ముగ్గురు కావలసి వచ్చింది,
పక్క బండోళ్ళు భుజం వేశారు.
ఆ తర్వాత ఒక్కడే చాలు.
కదలని దానికి కదలకపోవడం అలవాటు,
కదిలిన దానికి కదలడం.
గేటు దగ్గర ఆపడానికి మళ్ళీ అంత పనీ,
మడమలు నేలకి తన్ని, ఒళ్ళంతా వెనక్కి వేసి.

సోమవారం పుస్తకంలో బొమ్మే నల్లబల్ల మీద గీశాను.
మనిషి, బండి, చేతుల దగ్గర రెండు బాణాలు.
మనిషికి పాదాలు లేవు.
ఇన్నేళ్ళూ నేను గీసిన మనిషి
గాలిలో నిలబడి తోస్తున్నాడు.
పాదాలు గీశాను. కింద నేలగీత. అక్కడ ఇంకో జత బాణాలు.
ఘర్షణ, అని రాసి,
పోయిన వారం దాన్నే శత్రువని చెప్పింది గుర్తొచ్చి
కాసేపు ఆగాను.

"పొట్టు మీద మా నాయన జారేది ఇందుకేనా మేడం?"
"ఇందుకే."
ఈసారి ఊఁ కొట్టలేదు. నోట్సులో రాసుకుంది.

యూనిట్ పరీక్షలో తను గీసిన బొమ్మకి
పది కాలివేళ్ళూ ఉన్నాయి,
మడమల పగుళ్ళు కూడా, పెన్సిలుతో.
బాణాలన్నీ సరిగ్గా ఉన్నాయి.
నాలుగుకి నాలుగు వేశాను.
కింద మార్జిన్లో చిన్న అక్షరాలు:
"ఈ వారం గడ్డ రేటు పడిపాయె మేడం.
రైతులు యార్డులోనే పారబోసి పోయినారు.
బస్తా బరువు మాత్రం యాభై కేజీలే గదా?"

మారదు, అని రాయబోయాను.
ఎర్రపెన్ను అక్కడే ఉంది.